కిలో అటూ ఇటూ

ఆ ఉదయం గొడవ బరువు చూసే మిషను గురించి కాదు, అది ఎక్కడ ఉండాలన్న దాని గురించి.

"బాత్రూం కడిగాను. తడి ఆరేదాకా మిషను నడవాలోనే ఉంటుంది," అంది భార్య.

"నడవాలో కుదరదు. నేల వాలుగా ఉంది," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, తువ్వాలు భుజాన వేసుకుని.

"ఇన్నేళ్ళూ లేని వాలు ఇవాళే వచ్చిందా?"

"అసలు త్రాసును జరపకూడదు. జరిపిన త్రాసు కాసేపు అబద్ధం చెబుతుంది. అది రూలు."

ఆవిడ లోపలికెళ్ళి, ఆయన ఉద్యోగంలో వాడిన రసమట్టం తెచ్చి నడవా మధ్యలో పెట్టింది. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది. ఇన్‌స్పెక్టరు గారు ఆ బుడగ వంక, నమ్మిన గుమాస్తా ఎదురు తిరిగితే చూసినట్టు చూశారు.

ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కొట్లో అడుగుపెట్టకముందే త్రాసు పళ్ళెం కింద అంటించిన మైనం ముద్దను పసిగడతారని పేరు. నాలుగు నెలల క్రితం ఆయాసంతో ఆస్పత్రిలో చేరి, తొమ్మిది రోజుల తర్వాత హార్ట్ ఫెయిల్యూర్ అన్న మాటను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. అంటే గుండె ఆగిపోవడం కాదని, రక్తాన్ని తోసే బలం తగ్గిందని, దాంతో ఒంట్లో నీరు నిలిచిపోతుందని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. "తోసే బలం ముప్పై అయిదు శాతం ఉంది," అన్నాడు. "ముప్పై అయిదంటే పాసే కదా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. డాక్టరు నవ్వలేదు.

ఉప్పు తగ్గించాలి. నీళ్ళు కొలిచి తాగాలి. రోజూ తొమ్మిదింటికి, ఒంట్లో నీరు లాగేసే మాత్ర వేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లేవగానే ఏమీ తాగకముందు బరువు చూసుకోవాలి. పాదాలు వాచకముందే, ఆయాసం రాకముందే నీరు బరువులో కనిపిస్తుందట. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే క్లినిక్‌కి చెప్పాలి. అందుకని ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆయన మిషను ఎక్కుతారు, భార్య నోటుబుక్కులో రాస్తుంది, కూతురు ఆఫీసుకి బయల్దేరే ముందు ఆ అంకెను ఫోనులో క్లినిక్ నర్సుకి పంపుతుంది.

ఏర్పాటులో తప్పు లేదు. మనుషులే కాస్త అతిగా ఆలోచించేవాళ్ళు.

మిషను మామూలుగా బాత్రూంలో వాష్‌బేసిన్ పక్కన ఉండేది. ఇన్‌స్పెక్టరు గారు మిషనెక్కి ఎడమ అరచెయ్యి బేసిన్ అంచు మీద ఆన్చేవారు. ఎంత ఆన్చితే ఎంత తగ్గుతుందో ఆ చేతికి బాగా తెలుసు. అలా మూడు వారాలుగా మిషను డెబ్బై రెండు దగ్గర నుంచి కదల్లేదు.

దానికో కారణం ఉంది. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు దొంగ త్రాసులు పట్టుకోవడం నేర్పమని పాత ఆఫీసువాళ్ళు అడిగారు. వారానికి రెండు రోజులు, పదింటి నుంచి పన్నెండింటి దాకా. రిటైరయ్యాక ఆయన్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. కానీ తొమ్మిదింటి మాత్ర కడుపులో పడితే పన్నెండు దాకా ఆయన బాత్రూం తలుపుకి పది అడుగులు దాటి వెళ్ళలేరు. పాఠం మధ్యలో మూడుసార్లు బయటికి పరిగెత్తే మాస్టారి మాట ఎవరు వింటారు? బరువు నిలకడగా ఉంటే ఆ మాత్ర తీసేస్తారని క్లినిక్ బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలాయన చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు డాక్టరు మాట కన్నా ఆయన మాటే మనసులో పెట్టుకున్నారు.

బేసిన్ అంచు మీద తడి అరచేతి ముద్రను భార్య మొదటి వారంలోనే చూసింది. మొగుణ్ణి దొంగ అనడం కన్నా అంకె దిద్దడం తేలికనిపించి, రోజూ ఒక కిలో కలిపి రాయడం మొదలుపెట్టింది. కూతురు వాతావరణ శాఖలో పనిచేస్తుంది. ముందు వెనకలకు పొసగని అంకెలను సర్దడం అక్కడామె పని. అమ్మ కంగారు కిలో దాకా ఉంటుందని లెక్కగట్టి, ఆ కిలో తీసేసి పంపేది. కిలో అటూ కిలో ఇటూ పోగా క్లినిక్‌కి ప్రతిరోజూ డెబ్బై రెండే చేరేది. "ఇంత చక్కగా చూసుకునే కుటుంబం మా దగ్గర ఇంకొకటి లేదు," అని నర్సు ఒకసారి మెచ్చుకుంది కూడా. ముగ్గురూ ఎవరికి వారే ఆ మెప్పు తమదనుకున్నారు.

నడవాలో ఆన్చడానికి ఏమీ లేదు. ఇన్‌స్పెక్టరు గారు ఎక్కారు. డెబ్బై నాలుగూ ఆరు వందలు చూపించింది.

"చూశావా? చెప్పానా, జరిపిన త్రాసని!" అని విసురుగా దిగి, బట్టలు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకున్నారు.

భార్య ముందు చూసింది మిషనును కాదు, ఆయన చేతులను. రెండూ పక్కలకు వేలాడుతున్నాయి. ఇవాళ కలపాల్సింది ఏమీ లేదు. ఉన్నదున్నట్టు రాసింది. కూతురికి ముందురోజే ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. మరీ ఎక్కువగా ఉందని ఆమె తగ్గించిన వాన లెక్క నిజమేనట, రెండు వీధులు మునిగాయట. ఇక జన్మలో ఏ అంకె జోలికీ వెళ్ళనని ఒట్టు పెట్టుకున్న ఆ పిల్ల, అమ్మ రాసింది అమ్మ రాసినట్టే పంపి బస్సుకి పరిగెత్తింది.

ఆ విధంగా ఇంట్లో ముగ్గురూ ఒకే ఉదయం నిజం చెప్పారు. కొంప మునగడానికి అది చాలు.

తొమ్మిదింపావుకి నర్సు ఫోను చేసింది. "అమ్మా, రాత్రికి రాత్రి రెండు కిలోల ఆరు వందలు పెరిగారు. సార్ ఎక్కడున్నారు?"

"బాత్రూంలో."

"ఎంతసేపైంది?"

"ముప్పావుగంట."

"ఒకసారి పిలవండి."

"ఏమండీ!" అని పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు. "పలకట్లేదు సిస్టర్. పొద్దున చిన్న మాటొచ్చింది. ఆయనంతే, పూటంతా పలకరు."

"లోపల ఏమైనా వినిపిస్తోందా?"

ఆవిడ తలుపుకి చెవి ఆనించింది. "మాట్లాడుతున్నారు."

"ఎవరితో?"

"లోపల ఇంకెవరూ లేరు."

"ఏమంటున్నారు?"

"'భయపడకండి, అందరూ నా వెనకే రండి' అంటున్నారు... 'ముందు కిందకి వంగి పళ్ళెం తడమండి' అంటున్నారు."

నర్సు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంబులెన్స్ పంపుతున్నాను. ఈలోగా ఆ తలుపు తీయించండి," అంది.

అప్పటిదాకా భార్యకు భయం లేదు. అలిగితే ఆయన సంగతి ఆవిడకు తెలుసు. కానీ నర్సు అలా ఆగడం ఆవిడ నాలుగు నెలల్లో ఎప్పుడూ వినలేదు. కింది వాటాలో ఉండే తమ్ముడికి కేకేసింది.

తమ్ముడు ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. తలుపు కొట్టి చూద్దామన్న ఆలోచన అతనికి రాలేదు. అతని పనిలో తలుపు ఊడదీయడంతోనే ఏదైనా మొదలవుతుంది. అయిదు నిమిషాల్లో బందులు విప్పి తలుపును పక్కకి లాగాడు. లోపల ఇన్‌స్పెక్టరు గారు ఇస్త్రీ చొక్కా, బెల్టుతో అద్దం ముందు నిలబడి, చూపుడు వేలు పైకెత్తి ఉన్నారు. పదకొండింటికి పాత ఆఫీసుకెళ్ళి సరేనని చెప్పి రావాలి, అడిగితే అక్కడే ఒక పాఠం చెప్పి చూపించాలని ఆయన ఉద్దేశం.

"బావా! బాగానే ఉన్నారా?"

"తలుపు కొట్టి రావాలని మీ ఇంట్లో ఎవరూ నేర్పలేదురా?"

"అక్క పిలిస్తే పలకాలని మీ ఇంట్లో నేర్పారా మరి?"

"ముందు అది గోడకి ఆన్చు, నా కాలి మీద పడేట్టుంది. ఉండు, నేనో పక్క పడతాను."

సరిగ్గా అప్పుడే అంబులెన్స్ మనుషులిద్దరు స్ట్రెచర్‌తో మేడెక్కి వచ్చారు. "పేషెంటు ఎక్కడ?" అన్నాడు ముందున్నవాడు, చేతిలో కాగితం చూస్తూ. అందులో పలకడం లేదని, మతి తప్పిందని రాసి ఉంది.

"నేనే. కాస్త ఈ చివర పట్టుకో బాబూ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అతను తలుపు అందుకుని ఆయన్ని పరిశీలనగా చూశాడు. "ఆయాసం వస్తోంది సార్ మీకు."

"తలుపు మోస్తే ఎవడికైనా వస్తుంది."

"మీరు మోసింది ఒక్క అడుగే కదా సార్."

భార్య చూపు అప్పటికే ఆయన కాళ్ళ మీదికి వెళ్ళింది. మేజోడు పట్టీ చీలమండ దగ్గర వేలు పట్టేంత లోతుగా దిగబడి ఉంది. ఆవిడ ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

అంబులెన్స్‌లో చాలాసేపటికి ఆయన, "భయపడ్డావా?" అని అడిగారు.

"లేదు. కూర మాడింది," అందావిడ, కిటికీలోంచి చూస్తూ.

క్లినిక్‌లో నర్సు ఆయన్ని నేరుగా బరువు మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఎక్కబోయి, వంగి, కళ్ళజోడు సర్దుకుని మిషను వెనక చూశారు.

"సిస్టర్, ఈ మిషనుకి తనిఖీ ముద్ర గడువు దాటి నాలుగు నెలలైంది."

"సార్, ముందు ఎక్కండి."

"ముద్ర లేని త్రాసు ఎక్కను. ఉద్యోగంలో ఉంటే ఈపాటికి దీన్ని జప్తు చేసేవాణ్ణి."

"మీరు ఎక్కకపోతే డాక్టరు గారు మందు రాయరు."

"తప్పుడు బరువుకి రాసిన మందు నాకెందుకు?"

నర్సు చెప్పి చూసింది, పెద్ద డాక్టరు వచ్చి చెప్పాడు, భార్య దణ్ణం పెట్టింది. ఆయన ససేమిరా అన్నారు. వెనక వరసలో ఉన్న పేషెంట్లు ముగ్గురు, ఆ మిషను మీద తమకీ అనుమానంగానే ఉందని గొంతు కలిపారు. చివరికి ఆయనే దారి చూపించారు. స్టోరులోంచి సీలు తియ్యని సెలైన్ పెట్టెలు రెండు తెప్పించమన్నారు. ఒక్కోదాని మీద మొత్తం బరువు పదకొండున్నర కిలోలని అచ్చయి ఉంది. పెట్టెలు మిషను నడిమధ్యన పెట్టించి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా అంకె చూశారు. ఇరవై మూడు. దించి మళ్ళీ పెట్టించారు. ఇరవై మూడు. నాలుగు మూలలా జరిపి చూశారు. ఇరవై మూడే.

"త్రాసు సరైనదే," అని అందరికీ వినబడేలా ప్రకటించి, ఎక్కారు. బట్టలతో డెబ్బై నాలుగూ తొమ్మిది వందలు.

ఆయన చాలాసేపు దిగలేదు. ఇంటి మిషను నడవాలో నిజమే చెప్పిందని ఇప్పుడు ఆయనే రుజువు చేశారు. చేసిన రుజువును కాదనే అలవాటు ఆయనకు లేదు.

"ఒక్క రాత్రిలో ఇంత ఎలా పెరిగారు సార్?" అంది నర్సు.

"ఒక్క రాత్రిలో కాదు. మూడు వారాల్లో," అని ఇన్‌స్పెక్టరు గారు బేసిన్ సంగతి చెప్పారు. భార్య తలవంచుకుని కలిపిన కిలో సంగతి చెప్పింది. ఆఫీసు నుంచి ఆదరాబాదరా వచ్చిన కూతురు తీసేసిన కిలో సంగతి చెప్పింది. నర్సు, తాను మెచ్చుకున్న కుటుంబంలో ఒక్కొక్కరినీ వరసగా చూసింది.

"ఎందుకమ్మా కలిపారు?"

"తక్కువ కనిపిస్తే మీరు పట్టించుకోరని భయం. మరీ ఎక్కువ కనిపిస్తే పట్టుకెళ్ళి ఆస్పత్రిలో పెట్టేస్తారని భయం. కిలో అయితే మధ్యస్థంగా ఉంటుందనుకున్నా."

"అయినా మాత్ర వేసుకుంటూ ఉంటే ఇంత నీరు నిలవకూడదే," అంది నర్సు.

ఇన్‌స్పెక్టరు గారు చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లాలు తీసి బల్ల మీద పేర్చారు. మొత్తం తొమ్మిది. ఒక్కోదానిలో ఒక్కో మాత్ర, ఒక్కోదాని మీద తేదీ, సమయం. రెండు గంటలు కదలకుండా కూర్చోగలరో లేదో చూసుకోవడానికి తొమ్మిది రోజులు మాత్ర మానేసి పరీక్ష చేసుకున్నారట. మింగినట్టు నటించి దవడన దాచారు గానీ, పారేయలేదు. సాక్ష్యాన్ని పారేయడం ఆయన వల్ల కాదు.

భార్య ఆ పొట్లాల వంక చూసింది. రోజూ తొమ్మిదింటికి ఆ మాత్ర ఆయన చేతిలో పెట్టి, కొలిచిన నీళ్ళు అందించింది ఆవిడే. "నన్ను కూడానా?" అంది మెల్లగా. ఆయన తల ఎత్తలేదు.

"ఇంతకీ ఎందుకు సార్ ఇదంతా?" అంది నర్సు.

ఆయన పాఠాల సంగతి, పదింటి నుంచి పన్నెండింటి సంగతి చెప్పారు.

"అంతేనా? పాఠం ఉన్న రోజు మాత్ర పన్నెండున్నరకి వేసుకోండి."

"అలా వేసుకోవచ్చా?"

"మీలాంటి వాళ్ళకి మేమే మార్చి ఇస్తుంటాం. అడిగితే మొదటిరోజే చెప్పేదాన్ని."

కూతురు గోడ మీద గడియారం చూసింది. పన్నెండు దాటుతోంది.

ఇన్‌స్పెక్టరు గారికి చేతికి సూది గుచ్చి మందు ఎక్కించి, సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. ఆ మధ్యాహ్నం ఆయన బాత్రూంకి ఎన్నిసార్లు వెళ్ళారో నర్సు అట్ట మీద రాసింది. ఆయన తప్పు పట్టలేదు. కిలో మూడు వందలు తగ్గి, ఆయాసం తగ్గి, మాత్ర మాత్రం రెట్టింపై ఇంటికొచ్చారు.

భోజనానికి ముగ్గురూ కూర్చున్నారు. మాడిన కూర తీసేసి ఆవిడ ఇంకేదో చేసింది. అందులోనూ ఉప్పు లేదు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇన్‌స్పెక్టరు గారు గొంతు సవరించుకుని, పళ్ళెం పక్కన ఒక కాగితం పెట్టారు. పాత ఆఫీసు నుంచి తెప్పించుకున్న, పాఠాలకొచ్చేవాళ్ళ జాబితా.

"సోమవారం నుంచి పాఠాలకి వెళ్తున్నాను. ఫోనులో చెప్పేశాను."

"మంచిది. నేనూ వస్తున్నాను," అంది భార్య, ఆయనకు రెండోసారి వడ్డిస్తూ.

"నువ్వెందుకు?"

"పన్నెండున్నరకి మాత్ర మీ నోట్లో పడి, గొంతు దిగి, నాలుక కింద ఏమీ లేకపోవడం నేను చూడాలి."

"శిక్షణలో బయటివాళ్ళకి ప్రవేశం లేదు."

"రానిచ్చే సంగతి మీరు చూసుకోండి. నేను చివరి బెంచీలో కూర్చుంటాను. ఇది అడగడం కాదు, చెప్పడం."

"నాన్నా, అమ్మ చెప్పిందంటే చెప్పినట్టే," అంది కూతురు.

ఇన్‌స్పెక్టరు గారు భార్య మొహం చూశారు. పొద్దుటి నుంచి మొదటిసారి సరిగ్గా చూశారు. కళ్ళ కింద నల్లగా ఉంది. ఎడం చేత్తో జేబులోంచి పెన్ను తీసి, జాబితా అడుగున అభ్యర్థులు పదకొండు మంది అన్నచోట పన్నెండు అని దిద్ది, నిబంధన ప్రకారం పక్కన పొడి సంతకం పెట్టారు.