పాత మానిటరు సాక్ష్యం

మా ఆవిడ చూసే సీరియల్‌ని ఇంటికొచ్చిన ప్రతివారి ముందూ మూడేళ్ళుగా ఈసడించిన మనిషిని నేను. ఆ పరువే నా ఆస్తి. అసలు సంగతి మీకు మాత్రమే చెబుతున్నాను. రోజూ ఏడింటికి, సౌండు మరీ ఎక్కువ పెడుతోందని విసుక్కుంటూ, పుస్తకానికి పీఠిక రాసే నెపంతో పక్కగదిలో చేరి, గోడకు చెవి ఆనించి ఒక్క ముక్కా వదలకుండా వినేవాణ్ణి.

వినడం దాకా బాగానే సాగింది. కానీ సీరియల్‌లో మూడేళ్ళుగా కోమాలో ఉన్న పెద్దకోడలు ఈ శుక్రవారం కళ్ళు తెరుస్తుందట. కళ్ళు తెరవడం గోడలోంచి వినబడదు కదా.

అందుకని శుక్రవారం సాయంత్రం మా ఆవిడ కూరగాయలకు వెళ్ళగానే, బొమ్మను రెండు దారులకు పంచే చిన్న పరికరమొకటి సెట్‌టాప్ బాక్సుకు తగిలించాను. ఒక కేబులు టీవీకి, రెండోది బీరువా వెనకగా నా గదిలోని పాత మానిటరుకు. నడుము పట్టేసింది. ఈ వయసులో మోసం చేయడమూ శ్రమే.

ఏడయింది. హాల్లో సీరియల్ పాట మొదలైంది. మానిటరు స్విచ్చి నొక్కాను. పాట ఆగిపోయింది.

"ఏమండీ, టీవీలో బొమ్మ పోయింది."

"ఒక్కరోజు చూడకపోతే కొంపేం మునగదులే," అన్నాను, నల్లటి మానిటరు వంక దిగులుగా చూస్తూ.

"మీరు రాసుకోండి. కింద ఫ్లాటులో టీవీ మెకానిక్ ఉన్నాడుగా, పిలుస్తా."

అతను వచ్చి చూశాడు.

"టీవీ బాగానే ఉందమ్మా. ఎవరూ కాపీ కొట్టకుండా, బొమ్మ వదిలేముందు బాక్సు ప్రతి తెరనీ గుర్తింపు అడుగుతుంది. ఒక్క తెర జవాబు చెప్పకపోయినా అన్నిటికీ ఆపేస్తుంది. ఇంట్లో ఇంకేదైనా పాతది ఉందా?"

"పాతదంటే ఈయనే, బాబూ."

మెకానిక్ కేబులు వెంట బీరువా వెనక్కి, అక్కణ్ణుంచి నా గదిలోకి నడిచాడు. మానిటరు ముందు కుర్చీ, కుర్చీలో దిండు, పక్కన గిన్నెడు పల్లీలు.

"పీఠికకి పల్లీలు కూడా కావాలేం," అంది మా ఆవిడ.

కేబులు పీకగానే హాల్లో బొమ్మ వచ్చింది. అతను వెళ్ళిపోయాడు. నేను తల దించుకుని గదివైపు కదిలాను.

"ఎక్కడికి, ఇటు కూర్చోండి." పక్కకు జరిగి, రిమోటు తీసుకుని సౌండు సగానికి తగ్గించింది.

"తగ్గించావేం?"

"ఇన్నాళ్ళూ గోడవతల మీకు వినబడాలనే పెంచాను. నా చెవులు శుభ్రంగానే ఉన్నాయి."

ఆ క్షణంలోనే పెద్దకోడలు కళ్ళు తెరిచిందట. నావి మాత్రం నేల చూపులు.