ఎల్క్‌ని కాపాడే తూటా

అమెరికాలో మా మోంటానా కొండల్లో ఎల్క్‌లను కాపాడుతున్నది ఎవరు? అటవీశాఖ అనుకుంటే మీరు పొరబడినట్టే. చట్టమూ కాదు, చలీ కాదు. ఏ తూటా నైతికమైనది అన్న చర్చ!

నవ్వకండి. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. దాన్ని బాధపెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టాలన్నది మా వేటగాళ్ల నియమం. చాలా మంచి నియమం. దాన్ని పాటించడానికి మావాళ్లు కనిపెట్టిన మార్గమే, గస్ తుపాకుల దుకాణంలో కౌంటర్‌కి మోచేతులాన్చి వాదించుకోవడం.

సీసం తూటా మెత్తన, భుజం ఎముక తగిలితే ముక్కలైపోతుందని ఒక వర్గం. రాగి తూటా గట్టిదే గానీ, దూరం పెరిగి వేగం తగ్గితే ఒంట్లో పువ్వులా విచ్చుకోకుండా సూదిలా దూరిపోతుందని మరో వర్గం. వేటగాళ్లు కొండమీద వదిలేసిన, సీసం ముక్కలు పడిన పేగులు తిని గద్దలు చస్తాయని మూడో వర్గం. ముగ్గురూ చెప్పేది నిజమే. అందుకే గొడవ తెగదు!

ఈ గొడవ వల్ల ఎంత మేలు జరుగుతోందో చూశారా? మావాళ్లు కాఫీ మీద కాఫీ తాగుతూ వాదిస్తుంటే మందలు నింపాదిగా లోయ దాటుతున్నాయి. మా పాస్టర్ గారైతే విందుకి పిలిస్తే, మాంసం ఏ తూటాతో పడిందో కనుక్కుని గానీ ప్రార్థన మొదలుపెట్టడం లేదు. ఒక సీసం ఇంటి అమ్మాయికి రాగి ఇంటి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. ఇంతటి నిష్ఠ ఇంకే ఊళ్లో ఉంది?

అందరికన్నా నిష్ఠాపరుడు నా స్నేహితుడు డెల్మర్. మగ ఎల్క్‌ని వేటాడే ప్రత్యేక అనుమతి మా దగ్గర లాటరీలో వస్తుంది. ఏళ్ల తరబడి అర్జీ పెడితే ఈ శరదృతువులో అతనికి తగిలింది. మళ్లీ ఈ జన్మలో తగులుతుందన్న ఆశ లేదు. చిన్నప్పుడు తండ్రి గాయపరిచి వదిలేసిన జంతువు అరుపు అతనింకా మరిచిపోలేదు. అందుకే ఒకటే పట్టు. తను కొట్టే ఎల్క్‌కి తూటా తగిలిందని తెలిసేలోపే ప్రాణం పోవాలి.

వేసవంతా తూటాల గురించి చదివాడు. తన పాత సీసం తూటాలు పాపమని తేల్చుకున్నాడు. వేట మొదలయ్యే ముందురోజు రాగి తూటాల పెట్టె కొని, పసిబిడ్డని పట్టుకున్నట్టు చంకలో పెట్టుకుని వచ్చాడు.

మర్నాడు ఉదయం నేనూ, డెల్మరూ, అతని భార్య మార్లిసూ కొండ వాలులో పడుకుని ఉన్నాం. ఎల్క్ బయటికొచ్చింది. పక్కకి తిరిగి, బొమ్మలో నిలబడ్డట్టు నిలబడింది. డెల్మర్ ఊపిరి బిగపట్టి కాల్చాడు.

ఎల్క్ పడలేదు. వెనక కాలు ఈడ్చుకుంటూ అడవిలోకి పోయింది.

డెల్మర్ ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. తూటా విచ్చుకోలేదేమో అన్నాడు. దూరం ఎక్కువేమో, గాలేమో అన్నాడు. కంపెనీకి రాస్తానన్నాడు.

మార్లిస్ అంతా విని, చేతి తొడుగులు వేసుకుంటూ అడిగింది. "ఆ కొత్త తూటాలతో గురి చూసుకునే కాగితం మీద ఒక్కటైనా కాల్చి చూశావా?"

"కాగితం మీదా? అవి ఎల్క్ కోసం కొన్నవి, మార్లిస్."

"తుపాకి మీద గురి చూసే స్కోపు?"

"పాత తూటాలకి సరిచేసిందే. బాగానే ఉందిగా."

తూటా మారితే గురి మారుతుందని మా ఊళ్లో పాలపళ్లు ఊడని పిల్లలకీ తెలుసు. అంత నైతికమైన తూటాని అట్టముక్క మీద పారేయడానికి మావాడికి మనసొప్పలేదు!

"నువ్వు ఉత్తరం తర్వాత రాసుకుందువు గానీ, లే," అంది మార్లిస్. "నెత్తురు మంచు మీద కనబడుతున్నప్పుడే వెతకాలి."

వెతికాం. డెల్మర్ ముందు నడిచాడు. పొద్దు వాలుతుండగా పైన్ చెట్ల మధ్య ఎల్క్ కనిపించింది. లేవబోయి కూలబడింది. డెల్మర్ చాలా దగ్గరికి వెళ్లాడు. ఈసారి గురి సరిచూసుకుని కాల్చాడు. అప్పుడు పోయింది ప్రాణం. పొద్దుటి నుంచి అది పడ్డ బాధకి ఏ కంపెనీ బాధ్యత వహిస్తుందో ఆ పెట్టె మీద వెతికాను. రాయలేదు.

వారం తర్వాత గస్ దుకాణానికి వెళ్లాం. కౌంటర్ దగ్గర అందరూ చుట్టూ మూగారు. అంత పెద్ద ఎల్క్! చివరికి ఏ తూటాతో పడింది? సీసానిదా, రాగిదా?

"రెండో తూటాతో," అన్నాడు డెల్మర్, నేల చూస్తూ.

'రెండో తూటా' అన్న రకం పేరు ఎవరూ వినలేదట. గస్‌ని ఓ పెట్టె తెప్పించమన్నారు.