బండి కొండెక్కింది

ఆ గురువారం పొద్దున్న అబూ గాలెబ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడింటికి అందరూ అమ్మాన్‌లోని బయాదర్‌లో కార్లు బాగుచేసే మేస్త్రీ నాయెఫ్ షెడ్డు దగ్గర కలవాలి. బాగైన బండిని తీసుకుని, పెదనాన్న హాజీ ముఫ్లెహ్‌ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, అయిదింటికల్లా జబల్ అల్ తాజ్ కొండమీద అబూ రాకాన్ ఇంటికి చేరాలి. కొడుకు గాలెబ్‌కి పిల్లనడగాలి, కాఫీ తాగాలి, ఇంటికి రావాలి. నీటి శాఖలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టిన మనిషి కనుక ఇదంతా ఒక కాగితం మీద రాసి, కింద సంతకం కూడా చేసుకున్నాడు.

"కాగితం సంగతి సరే, బండి సంగతేంటి?" అంది ఉమ్ గాలెబ్, మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"బ్యాటరీ అయిపోయిందట. నిన్ననే నాయెఫ్ ఫోన్ చేశాడు."

"అయిపోయిందంటే? చచ్చిందనా, పనయిందనా?"

"పనయిందనే! శుభమా అని బయల్దేరుతుంటే నీ నోట మంచిమాట రాదా?"

ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. మూడు వారాల క్రితం మొదటిసారి పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ కొండ సగంలోనే వెనకసీటు కింద ఫ్యాను ఈల వేయడం మొదలుపెట్టింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగింది. సరిగ్గా అబూ రాకాన్ గేటు కనబడే మలుపులో బండి ఆగిపోయింది. అమ్మాన్‌లో ఏదో ఒకనాడు బ్యాటరీ కొండెక్కని హైబ్రిడ్ బండి ఉండదు కానీ, ఇది మరీ కొండ ఎక్కుతూ కొండెక్కింది. కాబోయే వియ్యంకుడే ఇద్దరు కొడుకులతో వచ్చి దాన్ని గుమ్మం దాకా తోశాడు.

అబూ రాకాన్ సైన్యంలో లారీలు నడిపి రిటైరైనవాడు. చేతులు దులుపుకుని ఒకే మాట అన్నాడు. "మీవాడు బంగారం. మా రనీమ్‌కీ ఇష్టమే, కాదనను. కానీ ఈ బండి దానంతటది నా గుమ్మం దాకా ఎక్కిరావాలి. అప్పుడు రండి, మాట్లాడుకుందాం. బండిని చూసుకోలేనివాడు పెళ్ళాన్నేం చూసుకుంటాడు?" ఆ రోజు నుంచీ గాలెబ్‌కు అన్నం సహించడం లేదు. రనీమ్ లేకపోతే తాను బతకనని తల్లికి చెప్పాడు. తండ్రికి మాత్రం బ్యాటరీ సంగతి త్వరగా చూడమని చెప్పాడు.

నాయెఫ్ బ్యాటరీ పెట్టె విప్పి డాక్టరులా తలాడించాడు. "ఇరవై ఎనిమిది సెల్లులున్నాయి మావా. అయిదు పుచ్చిపోయాయి. పళ్ళన్నీ పీకి కొత్త పళ్ళు కట్టమంటావా, పుచ్చినవే పీకమంటావా?" అన్నాడు. పుచ్చినవే పీకమన్నాడు అబూ గాలెబ్. పాపం నాయెఫ్ నమ్మకంగానే చేశాడు. అయిదూ మార్చి, రాగి పట్టీల తుప్పు గీకి, ఫ్యానులోంచి గుప్పెడు పొద్దుతిరుగుడు గింజల తొక్కులు తీసి, మిగతా సెల్లులకు మూడు రోజులు ఛార్జి ఎక్కిస్తూ దించుతూ ప్రాణం పోశాడు.

మూడింటికి షెడ్డు ముందు నాలుగు కార్లలో పద్నాలుగుమంది దిగారు. అందరివీ సూట్లు, నున్నటి గడ్డాలు. హాజీ ముఫ్లెహ్ మాత్రం భుజాల మీంచి నల్ల అబాయా అంగీ వేసుకుని, ఎర్ర గళ్ళ రుమాలు కట్టుకుని వచ్చాడు. ఎనభై ఏళ్ళ ఆయన ముందుండి అడిగిన పిల్లని ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. కాకపోతే ఇవాళ కాస్త చిరాగ్గా ఉన్నాడు. రోజుకి ఒక్క కప్పు కాఫీ మించకూడదని డాక్టరు చెబితే, అలాగేనని రొట్టె మీద చెయ్యేసి కూతురికి ఒట్టేశాడు. ఆ ఒక్క కప్పూ పెళ్ళివారింట్లో తాగాలి కనుక పొద్దుట్నుంచీ కాఫీ వాసన కూడా చూడలేదు. మేనల్లుడి కారులో కూర్చుని కునుకు తీస్తున్నాడు.

షెడ్డులో బండి తళతళలాడుతోంది. తాళంచెవి దానికే ఉంది. నాయెఫ్ మాత్రం లేడు. అబూ గాలెబ్ ఎక్కి బటన్ నొక్కాడు. బండి ఉలకలేదు, పలకలేదు.

"అది కదలదు బాబాయ్," అన్నాడు పక్కషాపులో సీటు కవర్లు కుట్టే దర్జీ. "బ్యాటరీకి నారింజరంగు ప్లగ్గొకటి ఉంటుంది చూడు, అది పెడితేనే కరెంటు పారేది. ఎవరైనా తెలీక చెయ్యిపెట్టి చస్తారని నాయెఫ్ దాన్ని పీకి జేబులో వేసుకుంటాడు. అలవాటుకొద్దీ ఇవాళా వేసుకుపోయుంటాడు."

"ఎక్కడికి పోయాడు?"

"ఇంటికే. ఇక్కడికి రెండు వీధులు. ఫోన్ ఎత్తడు, ఇవాళ వాళ్ళింట్లో ఏదో హడావిడి."

నాలుగు కార్లూ రెండు వీధుల అవతలికి కదిలాయి. నాయెఫ్ ఇంటికి రంగు బల్బుల తోరణాలు వేలాడుతున్నాయి. యాలకుల కాఫీ వాసన వీధి చివరిదాకా వస్తోంది. ఆ హడావిడి ఏమిటో ఎవరైనా ఊహించాల్సింది. కానీ అబూ గాలెబ్ బుర్రలో ప్లగ్గు తప్ప ఇంకేమీ లేదు. "అయిదు నిమిషాల పని, ఎవరూ దిగకండి," అని చెప్పి పెరటి దారిన వెళ్ళిపోయాడు.

సూట్లు వేసుకున్న డజనుమంది ఇంటిముందు కార్లలో కూర్చుంటే, అమ్మాన్‌లో ఏ గృహస్థు ఊరుకుంటాడు? నాయెఫ్ అన్నగారు ఆ పొద్దున్నే ఇర్బిద్ నుంచి దిగాడు. తమ్ముడి కూతురు సజాను అడగడానికి నాలుగింటికి మగపెళ్ళివారు వస్తారని ఆయనకు తెలుసు. వాళ్ళ మొహాలు మాత్రం తెలియవు. చేతులు చాపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"కార్లలోనే కూర్చుంటారా? మా పరువేం కావాలి! ముందే వచ్చారు, మరీ మంచిది. దిగండి, దిగండి!"

హాజీ ముఫ్లెహ్ కళ్ళు తెరిచాడు. "వచ్చేశామా?"

"వచ్చేశారు హాజీగారూ, ఇది మీ ఇల్లే అనుకోండి!"

హాజీ రుమాలు సర్దుకుని దిగాడు. పెద్దాయన దిగాక మిగతావాళ్ళు కూర్చుంటే మర్యాదగా ఉండదు కదా, వాళ్ళూ దిగారు. లోపల ఆయన్ని నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి ముందర కాఫీ పెట్టారు. పిల్లనిస్తామన్న మాట వచ్చేదాకా ఆ కప్పు ముట్టకూడదు. హాజీ దాన్ని ఒకసారి ఆశగా చూసి, గొంతు సవరించుకుని లేచాడు.

గాలెబ్‌కు ముచ్చెమటలు పట్టాయి. "తాతయ్యా, ఇది కాదు... ఇక్కడ కాదు..."

"నోర్ముయ్. పెళ్ళికొడుకు మాట్లాడకూడదు. కాస్త సిగ్గుండాలి."

"సిగ్గరి పిల్లాడు! మంచి లక్షణం," అని మురిసిపోయాడు నాయెఫ్ అన్నగారు.

సరిగ్గా అదే సమయానికి పెరట్లో అబూ గాలెబ్ స్నానాల గది తలుపు బాదుతున్నాడు.

"నాయెఫ్! నా ప్లగ్గేదయ్యా?"

"ప్యాంటు జేబులో ఉంది మావా!"

"ప్యాంటేదీ?"

నీళ్ళ చప్పుడు ఆగింది. "అయ్యో! వాషింగ్ మిషన్లో వేసింది మా ఆవిడ!"

అబూ గాలెబ్ తల పట్టుకున్నాడు. అంతలో హాల్లోంచి, పెళ్ళి మాట ఖాయమయ్యాక చదివే ఫాతిహాను అందరూ కలిసి చదువుతున్న గొంతులు వినిపించాయి. తలుపు భళ్ళున తెరుచుకుంది. నాయెఫ్ ఒక చెంపకు సబ్బు నురగ, ఒంటికి తువ్వాలుతో నిలబడ్డాడు. "ఇదేంటి? పెళ్ళివారు నాలుగింటికి కదా రావాలి! ఎవరికిచ్చేశారు నా పిల్లని?"

ఇద్దరూ పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. హాజీ "మీ పిల్లని మా గాలెబ్‌కి" అని అడిగితే, అన్నగారికి అది "తాలెబ్" అని వినిపించింది. పెళ్ళికొడుకు పేరు ఫోన్‌లో ఒక్కసారే విన్నాడు మరి. "మీరడిగిన పిల్ల మీదే, కాఫీ చల్లారనివ్వకండి," అనేశాడు. పొద్దుట్నుంచీ కాచుకున్న హాజీ కళ్ళు మూసుకుని మూడు గుటకల్లో కప్పు ఖాళీ చేశాడు. ఇదే అదను అన్నట్టు వీధిలో హారన్లు మోగాయి. అసలు తాలెబ్ తన వాళ్ళతో గుమ్మంలోకి వచ్చాడు.

"అబూ గాలెబ్! బ్యాటరీకొచ్చి పిల్లని పట్టుకుపోతావా?" అని అరిచాడు నాయెఫ్.

"నేను ప్లగ్గుకొచ్చానయ్యా బాబూ! నాకు నీ పిల్లెందుకు?"

"ఏం, మా పిల్లకేం తక్కువ?" అని లేచాడు అన్నగారు. "అయినా నేను మాటిచ్చేశాను. మా వంశంలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్న మగాడు లేడు."

"నేను తాలెబ్‌ని తప్ప ఎవర్నీ చేసుకోను!" అని లోపలి గది తలుపు వెనకనుంచి సజా ఏడుపు వినిపించింది. గాలెబ్ ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. తాలెబ్ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు.

అంత గోలలోనూ హాజీ ముఫ్లెహ్ ఒక్కడే నెమ్మదిగా ఉన్నాడు. కాఫీ పడింది కదా. "అరవకండర్రా," అన్నాడు. "పిల్లని మాకిచ్చారా లేదా?"

"ఇచ్చాం," అన్నాడు అన్నగారు రొమ్ము విరిచి.

"అయితే పిల్ల మాది. నీ మాట నీకు దక్కింది. మా పిల్లని మా ఇష్టమొచ్చినవాడికి ఇచ్చుకుంటాం." గుమ్మం వైపు తిరిగాడు. "ఇదిగో తాలెబ్ నాయనా, మా సజాని నీకిస్తున్నాం. మీ పెద్దాయన్ని కాఫీ తాగమను."

లోపల ఆడవాళ్ళు సంబరంగా పెట్టిన జగరూతల కేకలు మిన్నంటాయి. తాలెబ్ వచ్చి హాజీ తల ముద్దుపెట్టుకున్నాడు. ఇక మిగిలింది ప్లగ్గు. నాయెఫ్ భార్య దాన్ని మిషన్లోంచి తీసి ఇస్తే నీళ్ళు కారుతోంది. "తడి ప్లగ్గు పెడితే పెళ్ళి ఊరేగింపు కాదు మావా, శవయాత్ర వెళ్తుంది," అన్నాడు నాయెఫ్. సజా తలుపు సందులోంచి చెయ్యి చాపి ప్లగ్గు లాక్కుని, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో అరగంట సేపు ఓపిగ్గా ఆరబెట్టింది. "నన్ను తిరిగిచ్చేశారు కదా, ఆ మాత్రం చెయ్యనా?" అంది. నాయెఫ్ ఒక చెంప గీసిన గడ్డంతోనే షెడ్డుకొచ్చి ప్లగ్గు బిగించాడు. పచ్చ లైటు వెలిగింది.

అప్పటికే అయిదు దాటింది. ఉమ్ గాలెబ్ ఫోన్ చేసింది. "ఇచ్చారా పిల్లని?"

"ఒక పిల్లనిచ్చారు. తిరిగిచ్చేశాం. ఇప్పుడు రెండోచోటికి వెళ్తున్నాం," అన్నాడు అబూ గాలెబ్. అవతల ఆవిడ ఏమందో వినకుండా ఫోన్ పెట్టేశాడు.

జబల్ అల్ తాజ్ మొదట్లో గ్యాసు సిలిండర్ల లారీ పాట పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. అబూ గాలెబ్ సందులోంచి దూరిపోయాడు కానీ వెనక కార్లన్నీ ఇరుక్కుపోయాయి. వేళ మించిపోతోందని నలుగురు కుర్రాళ్ళు ఆ కార్లు దిగి, కోట్లు భుజాన వేసుకుని బండి వెనకాలే పరుగందుకున్నారు. బండి మాత్రం, దాని కడుపు చల్లగా, నిండా ఛార్జితో ఇంజనైనా లేవకుండా పిల్లిలా కొండెక్కింది. ఫ్యాను ఈల లేదు, ఎర్ర త్రికోణం లేదు. గాలెబ్ వెనకసీట్లో కళ్ళు మూసుకుని దువా చదువుతూనే ఉన్నాడు. గేటు ముందు ఆగేసరికి అబూ గాలెబ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంజను చప్పుడు ఎప్పుడు వినబడుతుందా అని వసారాలో చెవులు రిక్కించుకుని కూర్చున్న అబూ రాకాన్ ఉలిక్కిపడి లేచాడు. గేటు ముందు చప్పుడు లేని బండి. దాని వెనక కోట్లు విప్పేసి, చెమటలు కక్కుతూ, రొప్పుతూ నలుగురు.

"మళ్ళీ తోసుకొచ్చారా?" అన్నాడు.

"అల్లా మీద ఒట్టు, అదే ఎక్కింది! చప్పుడు చెయ్యకపోవడమే దాని గొప్పతనం!"

"నేను ముప్ఫై ఏళ్ళు లారీలు నడిపాను అబూ గాలెబ్. చప్పుడు చెయ్యకుండా కొండెక్కే బండిని ఇంతవరకు చూళ్ళేదు. సరే, లోపలికి రండి."

లారీ తొలగి మిగతా కార్లూ వచ్చాయి. అందరూ కూర్చున్నారు. హాజీ ముందర కాఫీ పెట్టారు. ఆయన ఈ రోజుకి రెండోసారి లేచి, రెండోసారి అదే మాటలు చెప్పి, కూర్చున్నాడు. అబూ రాకాన్ గడ్డం నిమురుకున్నాడు. "పిల్లనిచ్చాం. ఒక్కటే షరతు, పెళ్ళినాటికి కొత్త బండి కొనాలి. కాఫీ తాగండి."

గాలెబ్ మొహం పాలిపోయింది. కొత్త బండి అంటే పెళ్ళి ఇంకో అయిదేళ్ళ తర్వాత. హాజీ కాఫీ వైపు చూశాడు కానీ ముట్టలేదు. ఒట్టు ఒట్టే.

పిల్లనిచ్చాక కూడా పెద్దాయన కాఫీ ముట్టలేదంటే ఆ ఇంటికి అంతకంటే అవమానం లేదు. అబూ రాకాన్ కుర్చీలో కదిలాడు. "కొత్తదంటే మరీ షోరూముదే అని కాదు. వాడిందైనా ఫరవాలేదు."

హాజీ నిట్టూర్చాడు. కప్పులోంచి ఆవిరి లేస్తోంది, యాలకుల వాసన ముక్కుకు కొడుతోంది. ఆయన బాధ ఆయనది.

"పోనీ... బండి ఇదే ఉండనివ్వండి. బ్యాటరీ ఒక్కటి పూర్తిగా కొత్తది వేయించండి."

హాజీ మొహం అటు తిప్పుకున్నాడు. ఇంక చూస్తే నిగ్రహం తప్పేట్టుంది. అబూ రాకాన్ నుదురు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "హాజీగారూ, మా గడప మీద అలగకండి! ఈ బండే, ఈ బ్యాటరీయే! ఏ షరతూ లేదు, రనీమ్ మీ పిల్ల!"

అప్పుడు హాజీ రెండు చేతులతో కప్పు తీసి గాలెబ్‌కు అందించాడు. "నువ్వే తాగరా. ఈ కాఫీ నీది." గాలెబ్ నాలిక కాలినా ఆగకుండా తాగేశాడు. ఎంత హుందా, ఎంత పెద్దరికం అని గదిలో అందరూ మెచ్చుకున్నారు. అబూ రాకాన్ కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగుదారిలో హాజీని అబూ గాలెబ్ అడిగాడు. "అంత పట్టు పట్టావేంటి పెదనాన్నా? నా గుండె ఆగిపోయిందనుకో."

"పట్టూ లేదు, గిట్టూ లేదు. ఇవాళ్టి కప్పు ఆ మేస్త్రీ ఇంట్లోనే అయిపోయింది కదరా," అన్నాడు హాజీ, కొండ దిగుతూ ఛార్జి నింపుకుంటున్న బండి అద్దంలోంచి బయటికి చూస్తూ.

ఫోన్ మోగింది. ఉమ్ గాలెబ్. "ఇంతకీ ఏమైంది? బండి కొండెక్కిందా?"

"బండి ఎక్కింది," అన్నాడు అబూ గాలెబ్. "వియ్యంకుడు దిగొచ్చాడు."