సంతకం తర్వాతే సెలైను

ప్రాణం మీదికొచ్చిన కుక్కకు ఎంత త్వరగా వైద్యం అందితే అంత మంచిదన్న సంగతి ప్రపంచానికి ఇంకా రుజువు కాలేదు. చిన్నపిల్లలకు సైతం తెలిసినంత మాత్రాన అది నిజమైపోదు. అందుకే ఆ పశువైద్యశాల అత్యవసర విభాగం దీన్ని తేల్చేందుకు పెద్ద పరిశోధన ఒకటి తలకెత్తుకుంది.

ఎండకు సొమ్మసిల్లిన బొత్తాన్ని భుజాన వేసుకుని దర్జీ పరుగున వచ్చింది ఆ విభాగానికే. బొత్తాం అతని కొట్లో కుట్టుమిషను కింద ఎనిమిదేళ్లుగా పడుకుంటున్న కుక్క. ఇప్పుడు నాలుక వేలాడేసింది, పిలిస్తే కళ్లు కూడా తిప్పడం లేదు.

"త్వరగా చూడమ్మా, ఒళ్లు పెనంలా కాలిపోతోంది" అన్నాడు.

నర్సమ్మ సెలైను సీసా అందుకుంది. పరిశోధనాధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు అంగీకార పత్రం నింపాలి, పద్నాలుగు పేజీలు. వైద్యం ఎంత త్వరగా మొదలైందో కొలిచే గడియారం సంతకం పడ్డాకే నడుస్తుందనీ, ఈలోపు సూది గుచ్చితే కొలత పాడవుతుందనీ నిదానంగా వివరించాడు. (అతని ఓపికను ఎవరూ వేలెత్తి చూపలేరు.)

పత్రం మనుషుల ఆసుపత్రి నుంచి అరువు తెచ్చుకున్నది. రోగి వృత్తి? కాపలా అన్నాడు దర్జీ. పొగతాగే అలవాటు? లేదు. పెళ్లయిందా? వీధిలో పరిచయాలున్నాయిగానీ అంతదూరం వెళ్లలేదన్నాడు. అధికారి 'అవివాహితుడు' అని రాసుకున్నాడు. పరిశోధన నుంచి ఎప్పుడైనా స్వచ్ఛందంగా తప్పుకునే హక్కు రోగికి ఉందని తొమ్మిదో పేజీ హామీ ఇచ్చింది. బొత్తాం ఆ హక్కు వాడుకునేలాగే ఉంది.

నలభై ఏళ్లుగా ఒక్క చొక్కా కొలత తప్పని మనిషి పదకొండో పేజీలో తన ఇంటి నంబరు మరిచిపోయాడు. కొలుస్తున్నంతసేపూ గుడ్డ ఆగుతుంది, కుక్క ఆగదు కదా అనుకుంటే అతనికి ఏడుపొచ్చింది.

తీరా సంతకం దగ్గరికొచ్చేసరికి నల్లసిరా చెల్లదని తేలింది. నీలం పెన్ను కోసం అధికారి పక్కగదిలోకి వెళ్లాడు.

"బాబాయ్, తల గట్టిగా పట్టుకోండి" అంది నర్సమ్మ.

సూది దిగింది. తడిగుడ్డలు కప్పింది, ఫ్యాను ఇటు తిప్పింది. పెన్ను దొరికి అధికారి తిరిగొచ్చేసరికి సీసా మూడోవంతు ఖాళీ అయింది. బొత్తాం తోక బల్లకేసి ఒక్కసారి కొట్టుకుంది.

"ఎంత పని చేశావమ్మా" అన్నాడు అధికారి. నిజంగానే బాధపడ్డాడు పాపం.

మూడు నెలలకు దర్జీకి ఉత్తరం వచ్చింది. సంతకానికి ముందే వైద్యం పొందినందువల్ల బొత్తాం బతికుండటాన్ని పరిగణించలేమనీ, దాన్ని పరిశోధన నుంచి తొలగించామనీ అందులో ఉంది. నర్సమ్మకు కృతజ్ఞత చెప్పుకుందామని కుక్కను వెంటబెట్టుకుని వెళ్తే, ఆవిడను ఫారాల గదికి బదిలీ చేశారట. ఆ గది ముందు గోడకు పరిశోధన ఫలితం అద్దం కట్టించి పెట్టారు. బొత్తాం కాళ్ల దగ్గర కూర్చుని ఉండగా దర్జీ కళ్లజోడు సవరించుకుని చదివాడు.

సంతకం నుంచి సూదికి సగటున నాలుగే నిమిషాలు. త్వరగా వైద్యం అందితే కుక్కలు బతుకుతాయనడానికి ఒక్క ఉదాహరణ కూడా దొరకలేదు.