వెలుతురు సరఫరాదారు సంతకం

నిప్పు తర్వాత మానవజాతి కనిపెట్టిన మహత్తరమైన వస్తువు తొమ్మిదో నంబరు ఫారం. నిప్పుని నీళ్లు ఆర్పగలవు. ఫారాన్ని ఆర్పేది ఇంకా పుట్టలేదు.

ఈ సంగతి ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలోని కెమిస్టుకి ఆలస్యంగా తెలిసింది. పోయిన వేసవిలో, మందు తయారీకి వాడే హైడ్రోజన్ సిలిండర్ దగ్గర మంట లేచి, ఆమెకి సాయంగా ఉండే పెద్దాయన కుడిచెయ్యి కాలింది. ఆమెకి చాన్నాళ్లు అన్నం సయించలేదు. ఏడాదిపాటు కిందా మీదా పడి సిలిండర్ అక్కర్లేని దారి కనిపెట్టింది. గాజు సీసాలో మందు ముడిసరుకు, నీళ్లు, చిటికెడు పొడి, పక్కన నీలి దీపం. వెలుతురు తగిలితే నీళ్లలోని హైడ్రోజనే వెళ్లి సరుకులో చేరుతుంది. దీన్ని క్షయకరణం అంటారు. (భద్రతా విభాగం వారు మొదటి రెండక్షరాలు మాత్రమే చదివి, మాస్కులు కట్టుకుని వచ్చారు.)

"నీళ్లెక్కడివమ్మా?" అన్నాడు భద్రతాధికారి.

"కుళాయివండి."

"అవి తాగడానికి. పనిలో వాడితే అపాయ ప్రకటన కావాలి. ఆ దీపం?"

"వెలుతురు కోసమండి."

"అంటే వెలుతురూ ముడిసరుకే. తొమ్మిదో ఫారంలో సరఫరాదారు సంతకం పెట్టించండి."

"దీపం లేకపోయినా ఎండతో జరుగుతుందండి," అందామె. అక్కడే నోరు జారింది.

ఆయన కిటికీ వైపు అదోలా చూశాడు. "అయితే అనుమతి లేని సరుకు రోజూ లోపలికొస్తోందన్నమాట."

మర్నాటికల్లా కిటికీలకి నల్ల తెరలు దిగాయి. కమిటీ వచ్చింది. నిబంధన ప్రకారం దీపాలన్నీ ఆర్పించి, గంటసేపు సీసాని పరిశీలించి, "ఫలితమేమీ కనిపించలేదు" అని రాసింది. (చీకట్లో సీసా కూడా కనిపించలేదు కాబట్టి ఇందులో అబద్ధం లేదు.)

"సిలిండర్ వల్ల మనిషి కాలాడు కదండీ," అందామె.

"దానికి ఇరవై ఏళ్లుగా అనుమతి ఉందమ్మా," అన్నాడు భద్రతాధికారి. " ఆ కాలడం అనుమతికి లోబడే జరిగింది."

సోమవారం సిలిండర్ తిరిగొచ్చింది. ఆమె ముందుకెళ్లబోతే పెద్దాయన అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు జరుగమ్మా. నాకు ఎడమచెయ్యి అలవాటైపోయిందిలే."

సిలిండర్ మర తిప్పాడు. ఆమె పక్కనే నిలబడింది. సిలిండర్ తెరిచేటప్పుడు అధికారులు యాభై అడుగుల దూరంలో ఉండాలన్నది నిబంధన. భద్రతాధికారి ఏ నిబంధన విషయంలోనూ రాజీపడని మనిషి. వందడుగుల దూరంలో ఉన్నాడు.