మూడో అంతస్తు బుస్ శబ్ద నిర్మూలన

"ఇందుమూలంగా భవన నివాసులందరికీ తెలియజేయడమేమనగా, మూడో అంతస్తు నుండి రాత్రివేళల వినవచ్చుచున్న బుస్ శబ్దమును నిర్మూలించు నిమిత్తము ముగ్గురు సభ్యులతో ఉపసంఘము నియమించబడినది. అంతవరకు నివాసులు ఓర్పు వహించగలరు."

మెట్ల దగ్గర అంటించిన ఈ ప్రకటనను అందరికంటే ఆఖరున చదివింది, ఆ శబ్దం పుట్టే ఇంటి ఇల్లాలే. ఆవిడ భర్త నీటి సరఫరా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన గురకకు ఆ భవనంలో కిటికీ అద్దాలు గలగలలాడేవి. దాని మీద ఎవరూ ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. పెద్దమనిషి గురక పెద్దగానే ఉంటుందని సరిపెట్టుకున్నారు. కింది అంతస్తు దర్జీ అయితే ఆ గురక మొదలయ్యాకే దీపం ఆర్పేవాడు.

ఈ మధ్య డాక్టరు పరీక్ష చేసి, ఈయనకు నిద్రలో గంటకు ముప్పైసార్లు ఊపిరి ఆగిపోతోందనీ, ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఊదే మిషను రాత్రంతా పెట్టుకోకపోతే ప్రాణానికే ముప్పనీ చెప్పాడు. మిషను వచ్చింది. గురక పోయింది. దాని బదులు, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నని బుస్ మొదలైంది. మర్నాటికల్లా భవనంలో అందరికీ నిద్ర కరువై కళ్లు ఎర్రబడ్డాయి.

ఉపసంఘం వెంటనే రంగంలోకి దిగింది. అధ్యక్షుడు పూర్వం బళ్లో డ్రిల్లు మాస్టరు. ఆయన సలహా మీద మొదటి రాత్రి మిషనుకు బొంత చుట్టారు. అది పెనంలా కాలింది. రెండో రాత్రి దాన్ని బీరువాలో పెట్టి, తలుపు సందులోంచి గొట్టం బయటికి తీశారు. తెల్లవారి హెడ్ గుమాస్తా ఒళ్లంతా కలరా ఉండల వాసనతో లేచాడు. ఆయన్ను చిమ్మెటలు కొట్టవని ఉపసంఘం నమోదు చేసుకుంది.

ఇల్లాలు మాత్రం ఒక మధ్యాహ్నం మిషను వెనక జల్లెడ తీసి దుమ్ము దులిపి, అడుగున తువ్వాలు మడిచిపెట్టింది. చప్పుడు సగానికి తగ్గింది. తీర్మానం లేకుండా జరిగిన తగ్గుదల కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక మిషను ఆపి చూడటమొక్కటే మిగిలింది. ప్రయోగాత్మకంగా నాలుగు రాత్రులు ఆపించారు. అధ్యక్షుడు గడియారం పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల ఆవిడ మంచం పక్కన కూర్చుంది. గురక సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి తెగిపోయేది. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టేది. ముప్పై దాటగానే డొక్కలో పొడిచేది. ఆయన గుటకవేసి మళ్లీ అందుకునేవాడు.

అధ్యక్షుడి నివేదిక ఆశాజనకంగా వచ్చింది. "గురక రెండు నిమిషాలు, ఆపైన అర నిమిషం సంపూర్ణ నిశ్శబ్దం. మిషనుతో ఇది ఏనాడూ సాధ్యపడలేదు. హెడ్ గుమాస్తాగారు ఇదే పట్టుదల చూపిస్తే త్వరలోనే పూర్తి నిశ్శబ్దం సాధిస్తామని నా నమ్మకం."

సభ్యులు చప్పట్లు కొట్టారు. హెడ్ గుమాస్తా వినయంగా లేచి నమస్కారం పెట్టాడు.

ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా మిషను అమ్మిన కొట్టుకు కబురుపెట్టింది. మెకానిక్ వచ్చి, పట్టపగలే ఆయన్ను పడుకోబెట్టి, మాస్కు తగిలించి, పెదవి మీద వేలు ఆనించి చూశాడు.

"మిషను నిక్షేపంలా ఉందమ్మా. గాలి పోయేది ఇక్కడ. బాబాయిగారి మీసం గుబురుగా ఉంది, మాస్కు ఆనట్లేదు. మీసం తీసేస్తే పక్కన పడుకున్న మీకే వినపడదు."

"నోరు మూసుకుని నీ సంచి సర్దుకో" అన్నాడు హెడ్ గుమాస్తా.

"ఏవండీ, ప్రాణం కంటేనా?"

"ఏమే, మీసం తీస్తే ఆ ప్రాణం ఎవరిదనుకుంటారు?"

సంగతి తెలిసి అత్యవసర సమావేశం జరిగింది. "మీసం ఒకరి సొంత ఆస్తి కాదు, ఈ భవనం పరువు" అన్నాడు అధ్యక్షుడు, తన మీసం సవరించుకుంటూ. "ఊపిరి అందరికీ ఉంది. అలాంటి మీసం ఎంతమందికి ఉంది?" మీసానికి రక్షణ కల్పిస్తూ, మిషనును ఇకమీదట పగటిపూట, ఆయన మేలుకుని ఉన్న సమయంలో ధారాళంగా వాడుకోవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆ రాత్రి ఆవిడ లెక్క నలభై ఒకటికి చేరింది. డొక్కలో పొడిస్తే పలకలేదు. రెండు చేతులా పట్టి కుదిపేస్తే, బావిలోంచి తేలినట్టు లేచి, "ఏమైందే?" అని మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు.  ఆవిడ లేచి సొరుగులోంచి కత్తెర తీసింది.

సగం మీసం కత్తిరించి, లేపి, అద్దం చేతికిచ్చింది. మిగతా సగం ఆయనే గీసుకోక తప్పలేదు. గీసుకున్నంతసేపూ తిట్టాడు. తర్వాత ఆవిడ మాస్కు తగిలించి మిషను మీట నొక్కింది. బుస్ లేదు, గురక లేదు. మంచం మీదికి ఎండ వచ్చేదాకా ఇద్దరూ లేవలేదు.

తొమ్మిదింటికల్లా భవనమంతా వచ్చింది. నెల రోజుల్లో ఒక్కసారైనా ఆయనకెలా ఉందని అడగనివాళ్లు చెప్పులు బయట విడిచి, గొంతులు తగ్గించి, ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. కంటినిండా నిద్రపోయి హెడ్ గుమాస్తా కుర్చీలో నిగనిగలాడుతున్నాడు. అది ఎవరి కంటా పడలేదు. దర్జీ ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నిన్న సాయంత్రం కూడా చూశానండీ, ఎంత బాగుందో" అని కళ్లొత్తుకున్నాడు.

"ఎన్నేళ్లుంటాయమ్మా?" అడిగాడు అధ్యక్షుడు.

"ముప్పై ఆరు."

"పోయే వయసు కాదు."

"మనిషి దక్కాడు కదండీ అన్నయ్యగారూ."

"దక్కాడు, కాదనను. కానీ ఏ మొహం పెట్టుకుని బతుకుతాడు తల్లీ."

గది నిండా నిట్టూర్పులు వినిపించాయి. ఇంకా ఎవరో రాకపోరని, ఆవిడ లోపలి నుంచి ఇంకో కుర్చీ తెచ్చి గుమ్మం పక్కన వేసింది. ఇంతదాకా చదివి పరామర్శకు వచ్చారుగా, అది మీకే.