మంత్రిగారి నూటికి నూరు

"దేశ ఇంధన చరిత్రలో ఇదొక సువర్ణాధ్యాయం" అని మంత్రిగారు ప్రకటించిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ వాక్యం రాసింది నేనే. ఆ శాఖలో ప్రెస్ నోట్లు రాయడం నా ఉద్యోగం.

సువర్ణాధ్యాయం ఏమిటంటే, అణు విద్యుత్ కేంద్రంలో పాతబడిన డిటెక్టరు ఒకటి తీసేసి కొత్తది పెట్టారు. రియాక్టరు ఎంత పవర్ మీద నడుస్తోందో కనిపెట్టి కంట్రోల్ రూమ్ మీటరుకి చెప్పే పరికరం అది. దాన్ని అభినందించడానికి పన్నెండు కార్లలో వెళ్ళాం.

మంత్రిగారు తిన్నగా మీటరు దగ్గరికి నడిచారు. తొంభై ఒకటి అని ఉంది. పాతది నూరు చూపించేది కదా అని అడిగారు. అవునన్నారు అక్కడివాళ్ళు. కొత్తది పెట్టాక తొమ్మిది తగ్గిందంటే ప్రతిపక్షం ఊరుకుంటుందా అన్నారు. ఊరుకోదన్నారు. సాంకేతిక సమస్య మూలంలోకి ఇంత త్వరగా వెళ్ళగల మంత్రిని నేనింతవరకు చూడలేదు.

అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు మా వదిన. కూరలో ఉప్పు చాలలేదంటే "ముందు నీ నాలిక సరిచూసుకో మరిదీ" అనే మనిషి. మంత్రిగారికి మాత్రం ఓపిగ్గా చెప్పింది. రియాక్టరు ఇప్పటికే నిండుగా నూరు మీద నడుస్తోందట. నీళ్ళు ఎన్ని లోపలికెళ్ళి ఎంత వేడెక్కి వస్తున్నాయో లెక్కగడితే తేలిన సంగతి. కొత్త డిటెక్టరుకి ఆ లెక్క ఇంకా తెలీదు. పవర్ కదపకుండా నిలిపి, లెక్కతో పోల్చుకుంటూ మీటరు సరిచెయ్యాలి. ఎనిమిది గంటల పని.

"లైవ్ పదకొండింటికమ్మా," అన్నారు మంత్రిగారు. "మీటరు నూరు చూపించేదాకా పవర్ పెంచెయ్యండి."

స్టేషన్ డైరెక్టరు గారు తన బూట్లను శ్రద్ధగా పరిశీలించారు.

"మీటరు నూరంటుంది సర్," అంది వదిన. "లోపల నూటపది ఉంటుంది."

"పది ఎక్కువొస్తే మంచిదేగా."

"ఇంధనం దెబ్బతింటుంది సర్. ప్రమాదమొస్తే రియాక్టరుని ఆపాల్సిన ఏర్పాటు కూడా ఈ డిటెక్టరు మాటే వింటుంది. నేనుండగా పెంచనివ్వను. కావాలంటే నన్ను మార్చండి."

గొంతు మామూలుగానే ఉంది. అంటూనే ఆ మాట లాగ్ బుక్‌లో రాసేసింది.

అప్పుడు కార్యదర్శి గారు మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. ఆయన మొహం విప్పారింది. పదకొండింటికి మీటింగ్ హాల్లో గోడంత తెర వెలిగింది. మంత్రిగారు బటన్ నొక్కారు. సున్నా నుంచి అంకె మెల్లగా ఎక్కి, తొంభై తొమ్మిది దగ్గర కాస్త తటపటాయించి, నూరయింది. ముందు వరుసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నారు. తెర వెనక ఒక లాప్‌టాప్ ఉంది. రియాక్టరు నుంచి దానికి తీగ ముక్కయినా లేదు. "మంత్రిగారి స్వహస్తాలతో నూటికి నూరు" అని రాశాను. అన్ని పేపర్లూ వేశాయి.

కంట్రోల్ రూమ్‌కి ఇక ఎవరూ రాలేదు. వదిన ఎనిమిది గంటలు నిలబడి పని ముగించింది. సాయంత్రం మీటరు నూరు చూపించింది, ఈసారి నిజంగానే. ఇంటికెళ్ళే దార్లో కారులో, ఉద్యోగం పోయిందనే అనుకున్నానంది. మరెందుకు పోలేదని అడిగాను.

"నేనున్నానన్న సంగతి ఆయన మర్చిపోయారు మరిదీ," అని సీటుకి వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

తెరని మాత్రం ఆయన మర్చిపోలేదు. దాన్ని శాశ్వతం చేశారు. విదేశీ బృందాలు వచ్చి దాని ముందు ఫొటోలు దిగాయి.

నెల తిరక్కుండానే ఇంధనం మార్చడానికి రియాక్టరుని ఆపారు. కంట్రోల్ రూమ్ మీటరు సున్నాకి దిగింది. హాల్లో నూరు నూరుగానే ఉంది. తనిఖీకొచ్చిన అధికారి ఒకాయన ఈ తేడా పట్టేశాడు. హాలు కన్నా నీ మీటరు వంద తక్కువ ఎందుకు చూపిస్తోందో ఇరవై నాలుగు గంటల్లో చెప్పమని వదినకి మెమో వచ్చింది. ఆవిడ ఒకే ముక్క రాసి పంపింది: "రియాక్టరు ఆగి ఉంది."

మూడోరోజున ఫైలు తిరిగొచ్చింది. మంత్రిగారు ఆకుపచ్చ సిరాతో స్వయంగా రాశారు:

"వివరణ సంతృప్తికరంగా లేదు. మీటరును హాలు తెరకు అనుగుణంగా వెంటనే సరిచేయవలెను."

కింద నాకో కాపీ, ప్రెస్ నోట్ నిమిత్తం.